ఎడమకు తిరిగిన సుడులు

"నేనే తీశాను. రాసుకోండి," అంది జుల్మీరా.

శుక్రవారం పొద్దున పదీ ఇరవై. వంటింటి బల్ల మీద మొక్కజొన్న రొట్టె ముక్క, సగం పగలగొట్టిన అక్రోటుకాయలు, కొస అరిగిన చిన్న పట్టకారు ఉన్నాయి. బల్లకి ఒక పక్క డెబ్బై ఆరేళ్ళ జుల్మీరా నల్ల శాలువా కప్పుకుని, తప్పు చేసినదానిలా కాక, పెళ్ళి సంబంధం ఖాయం చేసినదానిలా కూర్చుంది. రెండో పక్క పోర్తో నేరపరిశోధన విభాగం ఇన్‌స్పెక్టర్ ఎర్మెలిందా తవెయ్‌రా ఎడమచేత్తో కలం పట్టుకుని, దాని మూత పళ్ళ మధ్య కొరుకుతోంది. రాయడం మాత్రం మొదలుపెట్టలేదు.

గుమ్మానికి ఆనుకుని నిలబడిన గాస్పర్ లొబాటో నోట్లో పుదీనా బిళ్ళ ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చాడు. బీమా కంపెనీ అతన్ని లిస్బన్ నుంచి దింపింది. మూడు రోజులుగా ఎర్మెలిందా ఎక్కడికి వెళ్తే అక్కడ చెవిలో జోరీగలా తయారవుతున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారు రాసుకోకపోతే నేను రాసుకుంటాను," అన్నాడు.

కేసు చూడ్డానికి చిన్నదే. గొందొమార్ దగ్గర ఫొంతేలా అనే ఊళ్ళో అందరూ బంగారు, వెండి తీగలతో నగలల్లే తీగపనివాళ్ళే. ఆ ఊరి గుడిలో మరియ మాతకి ఒక బంగారు హృదయం ఉంది. అరచేయంత ఉంటుంది, నెత్తిన జ్వాల. 1951లో ఊరి ఆడవాళ్ళు తలా ఒక చెవిపోగు ఇస్తే, బెల్మీరో మేస్త్రి వాటిని కరిగించి, వెంట్రుకంత తీగ లాగి చేసిన నగ అది. ఏడాది పొడుగునా గుడి అలమారలో ఉండి, అక్టోబరు మొదటి ఆదివారం ఊరేగింపుకి మాత మెడలోకి వస్తుంది. ఈసారి అలంకరించేటప్పుడు అడుగు కొస విరిగింది. కిందటి వారం మంగళవారం పది గంటలకి గుడి సంఘంవాళ్ళు దాన్ని బెల్మీరో కొడుకు అనాక్లెటో మేస్త్రి దుకాణానికి పంపారు. బుధ, గురువారాలు జుల్మీరా ఇంట్లో ఉంది. శుక్రవారం సాయంత్రం గుడికి తిరిగొచ్చింది. సోమవారం బీమా కంపెనీ పంపిన మదింపుదారు వచ్చి గీటురాయి మీద గీశాడు. అది వెండి. పైన బంగారు పూత.

ఎల్లుండి ఊరేగింపు. ఊరంతా ఒకటే మాట, ఎవరు తీశారని. ఆ ప్రశ్నకి జుల్మీరా ఎవరూ అడక్కముందే జవాబు చెప్పేసింది. అదే ఎర్మెలిందాకి మింగుడుపడడం లేదు.

ఆమె పుట్టింది ఈ ఊళ్ళోనే. పదహారేళ్ళప్పుడు తల్లితో పోర్తో వెళ్ళిపోయింది. తల్లి ఫెలిస్బెలా, ఈ జుల్మీరా ఇరవై ఏళ్ళపాటు ఒకే కిటికీ దగ్గర కూర్చుని తీగ చుట్టారు. నెత్తురు సంబంధం లేకపోయినా జుల్మీరా ఆమెకి అత్తే. చిన్నప్పుడు జ్వరమొస్తే ఈ వంటింట్లోనే పడుకునేది. ఇప్పుడు ఇదే బల్ల దగ్గర ఈవిడని దొంగని చెయ్యమంటున్నారు.

"బంగారం ఏం చేశావు అత్తా?" అని అడిగింది.

"కరిగించి అమ్మేశాను."

"ఎందులో కరిగించావు?"

జుల్మీరా పొయ్యి వైపు మొహం తిప్పింది. "కుండలో."

"ఏ కుండ?"

"సూపు కాచే కుండ."

ఎర్మెలిందాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అరవై ఏళ్ళు బంగారం మధ్య బతికిన మనిషి అబద్ధమాడ్డం ఇంత ఘోరంగా నేర్చుకుందేమిటి అనుకుంది. మట్టి మూస కాదు, కొలిమి కాదు, కాబేజీ సూపు కాచే కుండట.

కొన్నవాడెవరని అడిగితే సంతలో ఎవరో అంది. ఏ సంత అంటే పెద్ద సంత అంది. వెండి చట్రం ఎవరు చేసిపెట్టారంటే మాత్రం ఠక్కున నోరు మూసుకుంది. లొబాటో ముందుకొచ్చి, వయసు మీద పడ్డవాళ్ళకి వివరాలు గుర్తుండవని, ఒప్పుకోలు ఒప్పుకోలేనని అన్నాడు. ఎర్మెలిందా పైఅధికారికి పొద్దున్నే ఫోను చేశాడట. సంతకం పెట్టించి అయిదు గంటలకల్లా ఆవిడని కారులో పోర్తో తీసుకురమ్మని అక్కడినుంచి జవాబట.

"నా పైఅధికారితో నాకంటే ముందు మీరు మాట్లాడారా?"

"మీరు ఊరివాళ్ళు. మొహమాటాలుంటాయి. ఆ భారం మీ మీద పెట్టడం ఎందుకని."

"మీ దయ," అంది ఎర్మెలిందా, కలం మూత బిగిస్తూ. "అయిదు దాకా నాకు టైముంది. ఈవిడ ఇల్లు కదలదు. మీరు నాతో దుకాణానికి రండి. మీ కళ్ళతో చూసిందే రాసుకుందురు గానీ."

అరచేతి అంచున అంటిన సిరా తుడుచుకుంటూ లేచింది. ఎడమచేతివాళ్ళకి ఈ సిరా బాధ జీవితాంతం తప్పదు. జుల్మీరా మొహం ఆ చేతి వైపే తిరిగి ఉండిపోయింది.

అనాక్లెటో మేస్త్రి దుకాణం రెండు గదులు. ముందుగదిలో తీగ లాగే కమ్మచ్చులు, వెనకగదిలో మంట. పదకొండూ పదికి వాళ్ళు వెళ్ళేసరికి అతను కర్రబల్ల ముందు వట్టిచేతులతో కూర్చుని ఉన్నాడు. ఎర్మెలిందా ఆ వారం సంగతులు గంటలవారీగా అడిగింది. అతను కమ్మచ్చున తీసిన తీగలా ఏకధాటిగా చెప్పాడు. మంగళవారం పదింటికి నగ అందింది. పదకొండున్నరకి విరిగిన కొస కలిపి బంగారు టంకంతో అతికించాడు. కొస పక్కన రాలిపోయిన సుడులు నింపడానికి బుధవారం ఎనిమిదికి జుల్మీరాకి ఇచ్చాడు. గురువారం సాయంత్రం ఆరింటికి ఆవిడ తెచ్చిచ్చింది. శుక్రవారం మళ్ళీ మంట చూపించి, తోమి, నాలుగింటికి గుడికి పంపాడు.

"చట్రం మీది, నింపుడు ఆవిడది. ఎప్పుడూ అంతేనా?" అని లొబాటో అడిగాడు.

తాతలనాటినుంచీ అంతేనని, మగవాళ్ళు చట్రం కడతారని, ఆడవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, రెండు సన్నతీగలు మెలిపెట్టి నలగ్గొట్టిన రిబ్బనుతో సుడులు చుట్టి కడుపు నింపుతారని అనాక్లెటో చెప్పాడు. ఇంత హృదయానికి మూడు వేల సుడులు పడతాయి. ఇద్దరు కూర్చుంటే రెండు నెలలు.

"అంటే రెండు రోజుల్లో నకలు తయారుకాదు," అంది ఎర్మెలిందా.

"ముందే చేసిపెట్టుకోవచ్చు మేడమ్. కొస విరగడం, నగ ఇంటికి రావడం, ఇదీ అదీ మారిపోవడం. ఓపికున్న దొంగ." లొబాటో తెలివితక్కువవాడేమీ కాదు. ఆ మాట ఆమె లోపల ఒప్పుకుంది.

సంచీలోంచి సీలు వేసిన పెట్టె తీసి, హృదయాన్ని నల్లగుడ్డ మీద పెట్టింది. భూతద్దం కంటికి బిగించింది. అడుగు కొస దగ్గర కొత్తగా నింపిన చోటు తెలుస్తూనే ఉంది. ఇరవై సుడుల దాకా ఉంటాయి. వదులుగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, తాగినవాడి నడకలా ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న పాత సుడులు మాత్రం ఆవగింజల్లా, ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని, ఊపిరి సందు లేకుండా ఉన్నాయి.

"మేస్త్రీ, జుల్మీరత్తకి చూపు ఎప్పటినుంచి పోయింది?"

అనాక్లెటో ఆరేళ్ళయిందన్నాడు. రెండు కళ్ళలోనూ పొర. ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు. ఇప్పటికీ వారం వారం పని పంపిస్తాడు, ఆవిడ వేలితో తడిమి చుట్టి తెస్తుంది. రాత్రికి అతని భార్య వాటిని విప్పి మళ్ళీ చుడుతుంది. గుడి నగ మీద మాత్రం చెయ్యి వెయ్యబుద్ధి కాక ఆవిడ చుట్టినవి అలాగే ఉంచేశాడు.

"పని మానిపిస్తే ఆవిడ ఏమైపోతుంది?" అన్నాడు, తనే ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

లొబాటో నోట్లో బిళ్ళ ఆగింది. "అయితే ఆరేళ్ళకి ముందే చుట్టి ఉంటుంది," అన్నాడు, కానీ ఈసారి గొంతులో ధీమా కాస్త తగ్గింది.

ఎర్మెలిందా అద్దం కొసమీదికి జరిపింది. అతుకు లోపలివైపు పూత చేరని చోట గీతంత మేర తెలుపు కనిపించింది. బంగారు టంకం పసుపుగా ఉంటుంది. తెల్లగా ఉండేది వెండి టంకం. ఏ కంసాలీ బంగారానికి వెండి టంకం పెట్టడు.

"మంగళవారం పదకొండున్నరకి మీరు పెట్టింది వెండి టంకం మేస్త్రీ. అంటే ఇది జుల్మీరత్త గడప తొక్కక ముందే వెండి. ఆ సంగతి మీకు తెలుసు."

అనాక్లెటో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతుల వెనకనుంచే చెప్పాడు. మంట తగలగానే పూత కమిలి కింద తెల్లగా బయటపడింది. ఈ నగ తన తండ్రి చేతిది. మోసం జరిగితే తండ్రే చేసి ఉండాలి. తండ్రి పోయి పదేళ్ళు. ఊళ్ళో ప్రతి ఆడదాని చెవికీ ఆయన ముద్ర వేసిన పోగు వేలాడుతోంది. అందుకని కుక్కిన పేనులా ఊరుకుని, వెండి టంకంతో అతికించి, కొత్తగా పూత పూసి పంపించేశాడు. మదింపుదారు వస్తాడని అతనికి తెలియదు.

"నిన్న జుల్మీరాని అనుమానిస్తున్నారని విన్నాను. అయినా నోరు రాలేదు. నాన్న మొహం అడ్డమొచ్చింది," అన్నాడు.

లొబాటో వెంటనే లెక్క మార్చాడు. దుకాణంవాడూ ముసలావిడా కలిసే చేశారన్నాడు. ఎప్పుడో ఏడెనిమిదేళ్ళ కిందట మార్చేసి, ఇప్పుడు దొరికిపోయారన్నాడు. బీమా మొదలైంది 1985లో. ఆ తరవాత జరిగిన ఏ దొంగతనమైనా తన కంపెనీ నెత్తిమీదికే వస్తుంది కాబట్టి, దొంగలిద్దరినీ పట్టించే దాకా తను లిస్బన్ వెళ్ళనన్నాడు.

ఎర్మెలిందా వినడం లేదు. అద్దం కొసనుంచి పైకి పాకుతోంది. హృదయం ఎడమ రెక్కలో సుడులన్నీ కుడికి తిరిగాయి. ప్రతి సుడి తోకా కిందికి దోపి ఉంది. అది జుల్మీరా అలవాటు, చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసిందే. కుడి రెక్కలోకి వచ్చేసరికి సుడులన్నీ ఎడమకి తిరిగాయి.

ఎడమచేత్తో చుట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. బడిలో సన్యాసినులు చెయ్యి కట్టేసినా, మేస్త్రీలు కసిరినా ఆ చెయ్యి మారలేదు. చివరికి బెల్మీరో మేస్త్రే ఓడిపోయి, రెండు రెక్కలున్న నగ ఏదొచ్చినా జుల్మీరాకి ఎడమ రెక్క, ఫెలిస్బెలాకి కుడి రెక్క పంచేవాడు. అద్దం చూసుకున్నట్టు వచ్చేదని మురిసిపోయేవాడు.

అమ్మ పోయి పదిహేనేళ్ళు. ఇదుగో అమ్మ చెయ్యి. ఎర్మెలిందా భూతద్దం తీసి, కళ్ళు తుడుచుకోబోయి, దుమ్ము పడిందని గొణిగి మళ్ళీ పెట్టుకుంది. 1951 నాటి బంగారు హృదయాన్ని అమ్మ నింపలేదు. అప్పటికి అమ్మ ఇంకా నేర్చుకుంటోంది. ఈ వెండిది నింపింది అమ్మ. అంటే అమ్మ పోయిన 1979కి ముందు మాట. నిన్నమొన్న జుల్మీరత్త తీసిందేమీ లేదు. అంతవరకూ బాగానే ఉంది. మరి అప్పట్లో తీసింది ఎవరు?

అప్పుడు కనిపించాయవి. కుడి రెక్క అడుగున, మూల ఇరుకులో, పదకొండు సుడులు. ఎడమకే తిరిగాయి గానీ నడిమి కన్ను గుండ్రంగా లేదు. బియ్యపుగింజలా చపటగా నొక్కుకుపోయింది. పదకొండింటికీ అంతే.

ఆ నొక్కు పట్టకారుది కాదు. ఎర్మెలిందా నాలుక తనకి తెలియకుండానే ముందుపళ్ళ వెనక తడిమింది. ఆమెకి పదిహేనేళ్ళప్పటి శరత్కాలం, వాన, కిటికీ గుర్తొచ్చాయి. "వెండి మీద నేర్చుకో, పాడైనా పరవాలేదు," అని అమ్మ ఒక మూల ఇచ్చింది. చిన్నవేళ్ళకి పట్టకారు జారిపోయేది. అమ్మ అటు తిరగగానే తీగ మొదలు పళ్ళమధ్య పెట్టి కొరికి, అక్కణ్ణించి చుట్టేది. అమ్మ పట్టకారుతో నెత్తిమీద ఒక్కటిచ్చి, తీగేమన్నా పీతకాలా అని తిట్టేది.

భూతద్దం తీసి గబుక్కున లేచింది. లొబాటో అది చూశాడు. ఏమైందని అడిగితే ఆకలేస్తోందని చెప్పి, నాలుగూ నలభైకి ఇక్కడే కలుద్దామని బయటికొచ్చేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే వాళ్ళని పదిహేనేళ్ళుగా చూస్తోంది. ఈ పూట తనే పళ్ళు తడుముకుంటూ నడిచింది.

రెండింటికి జుల్మీరా సూపు వడ్డించింది. ఎర్మెలిందా ఒక్క చెంచా కూడా నోట పెట్టలేదు.

"నా పదిహేనో ఏట నా చేత ఒక వెండి హృదయానికి మూల చుట్టించారు. అది ఏమైంది అత్తా?"

ముసలావిడ గరిట పళ్ళెంలో పెట్టేసింది. చూపులేని కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, తీగలు దాచుకునే రేకుడబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. అందులో తీగల కింద తొమ్మిది ఫొటోలున్నాయి. అన్నీ కుర్రవాళ్ళవి. అన్నీ నడిమికి చింపి, మళ్ళీ వెనక కాగితం పెట్టి అతికించినవే. మూడోది ఎర్మెలిందా అన్న దువార్తే. ముక్కు మధ్యనుంచి చిరుగు.

ఆ రోజుల్లో ఆ చిరుగుకి అర్థం ఊరందరికీ తెలుసు. ఆఫ్రికా యుద్ధానికి వెళ్ళకుండా దొంగతనంగా సరిహద్దులు దాటి ఫ్రాన్సు పారిపోయే కుర్రవాడు ఫొటో చింపి ఒక సగం ఇంట్లో ఉంచి, రెండో సగం తనతో తీసుకెళ్ళేవాడు. క్షేమంగా చేరాక ఆ సగం ఉత్తరంలో పంపేవాడు. రెండు సగాలూ కలిస్తేనే దాటించినవాడికి కూలి.

"1967లో నా కొడుకు గినియా యుద్ధం నుంచి పెట్టెలో వచ్చాడు," అంది జుల్మీరా. "మేకులు తియ్యనివ్వలేదు. మొహం చూళ్ళేదు. మరుసటేడు ఊళ్ళో ఇంకో తొమ్మిదిమందికి పిలుపొచ్చింది. మీ అన్న అందులో ఒకడు. తొమ్మిదిమంది తల్లులు ఈ వంటింట్లోనే కూర్చుని ఏడ్చారే. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. నేను అన్నాను, ఆ గుడి అలమారలో ఉన్నది మన చెవిపోగులే కదా అని. బెల్మీరో మేస్త్రి మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగోరోజు వచ్చి వెండి చట్రం బల్లమీద పెట్టి వెళ్ళాడు."

ఏటేటా మాత నగ తోమే మొక్కు జుల్మీరాది. పూత పలచబడితే మేస్త్రి గుట్టుగా మళ్ళీ పూసేవాడు. ఆయన పోయాక ఆ పని ఆవిడే ఎలాగో లాక్కొచ్చింది. చూపు పోయాక వేళ్ళతో తోమింది.

"తొమ్మిదిమందీ చేరారా?"

"చేరారు. ఒక్కడు కూడా పెట్టెలో రాలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగింది. "మాతకి తెలుసులే. ఇరవై ఆరేళ్ళుగా వెండిదే వేసుకుంటోంది, ఒక్కనాడైనా ఏమన్నా అందా? ఆవిడా కొడుకుని పోగొట్టుకున్న మనిషే."

దువార్తే లియాన్‌లో గచ్చులు పరిచే మేస్త్రి. ముగ్గురు మనవలు. ప్రతి క్రిస్మసుకి ఫోను చేసి, అక్కడి రొట్టె రొట్టేకాదని గొణుగుతాడు. ఎర్మెలిందా ఆ అతికిన ఫొటోని గుండెకి నొక్కుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. జుల్మీరా తడిమి ఆమె తల దొరకబుచ్చుకుని నిమిరింది.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు అత్తా?"

తల్లులందరూ మాత ముందు ఒట్టేసుకున్నారట, ఆ కుర్రవాళ్ళ పేర్లు ఈ విషయంలో ఎన్నటికీ బయటికి రాకూడదని, గుడిసొమ్ముతో బతికారన్న మాట వాళ్ళమీద పడకూడదని. ఇప్పుడు ఆ తల్లులెవరూ లేరు. ఒట్టు మొయ్యడానికి జుల్మీరా ఒక్కతే మిగిలింది. ఇంకొకటి కూడా ఉంది. మంచంలో ఉన్న ఫెలిస్బెలా చివరిరోజున ఆవిడ చెయ్యి పట్టుకుని, నా కూతురు పోలీసు పరీక్ష రాసింది జుల్మీరా, దీని సంగతి దాని చెవిన పడనివ్వకు అని అడిగిందట.

"అందుకని నువ్వు తల వంచుకుని సంతకం పుచ్చుకో. నాకెన్నాళ్ళు కనక. జైలైనా ఇల్లైనా నాకు చీకటి ఒకటే. నువ్వు ఈ డబ్బా చూళ్ళేదు. మాటియ్యి."

ఎర్మెలిందా మాటిచ్చింది. డబ్బా మూత తనే బిగించి యథాస్థానంలో పెట్టింది. మిగిలిన సాక్ష్యం ఒకటే, దాన్ని ఏ డబ్బాలోనూ దాచడం కుదరదు.

నాలుగూ నలభై. దుకాణం ముందు కారు ఆగి ఉంది. జుల్మీరాని అనాక్లెటో చెయ్యి పట్టుకుని తెచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. లొబాటో కాగితం సిద్ధంగా ఉంచాడు. పైన జుల్మీరా పేరు, కింద సంతకానికి ఖాళీ.

ఎర్మెలిందా నిలబడే చెప్పింది. వెండి హృదయం తయారై ఇరవై ఆరేళ్ళయింది. 1968 శరత్కాలం. కుడి రెక్క నింపిన మనిషి 1979లో పోయింది. బీమా మొదలైంది 1985లో. అంటే ఆ కంపెనీ ఏనాడూ బంగారానికి బీమా చెయ్యలేదు, వెండికే చేసింది. నేరమంటూ ఉంటే దానికి కేసు పెట్టే కాలం ఎప్పుడో చెల్లిపోయింది.

"ఆ పోయిన మనిషి చెయ్యేనని రుజువేంటి? ఎడమచేతివాళ్ళు లోకంలో కొల్లలు." లొబాటో ఆమె చేతిలో కలం వైపు చూశాడు. "ఉదాహరణకి మీరు."

"అవును. నేను."

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆలోచించి మాట్లాడండి. మీరు ఈవిడకి ఏమవుతారో ఊళ్ళో అడిగే వచ్చాను. దొంగని కాపాడడానికి కథ అల్లుతున్నారని పై కాగితం రాస్తే మీ ఉద్యోగం ఉండదు."

కిటికీ దగ్గరనుంచి జుల్మీరా గొంతెత్తింది. "దానికేం తెలీదు బాబూ. నేనే తీశాను, నేనే చుట్టాను. ఎవరి చేతా చుట్టించలేదు. కాగితం ఇటు తే."

లొబాటో కాగితం, కలం అందించడానికి రెండడుగులు వేశాడు. ముసలావిడ వేళ్ళు గాలిలో కలం కోసం తడుముకుంటున్నాయి. అయిదుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

ఎర్మెలిందా కర్రబల్ల ముందు కూర్చుంది. మేస్త్రిని అడిగి జానెడు వెండి రిబ్బను తీసుకుంది. ఇరవై అయిదేళ్ళుగా పట్టుకోని పట్టకారు ఎడమచేత్తో పట్టుకుంది. అది అప్పటిలాగే జారింది. వేళ్ళు పెద్దవయ్యాయి గానీ బుద్ధి మారలేదు. అందరూ చూస్తుండగానే తీగ మొదలు నోట్లో పెట్టుకుని, ముందుపళ్ళ మధ్య కటుక్కున నొక్కింది. చీమ నడిచినంత చప్పుడు.

"పళ్ళు పెట్టకే ఎర్మీ," అంది జుల్మీరా, తల కూడా తిప్పకుండా, కలం కోసం తడుముతూనే. "మీ అమ్మ నీకు ఎన్నిసార్లు చెప్పిందే, మూల పాడుచెయ్యకు, మాత మెడలోకి వెళ్ళేదని..."

అని ఆగిపోయింది. గాలిలో ఉన్న చెయ్యి మెల్లగా వచ్చి నోటికి అడ్డం పడింది.

ఎర్మెలిందా చుట్టడం పూర్తిచేసి, ఆ ఒక్క సుడిని నల్లగుడ్డ మీద, హృదయం కుడి రెక్క మూలకి ఆనించి పెట్టింది. భూతద్దం లొబాటో వైపు జరిపింది. అతను వంగి చూశాడు. ఎడమకి తిరిగిన సుడి, నడుమ బియ్యపుగింజ. దాని పక్కన అలాంటివే పదకొండు. చాలాసేపు చూశాడు.

"అప్పుడు మీకు ఎన్నేళ్ళు?"

"పదిహేను. నేర్చుకునే నగ అనుకున్నాను."

"మరి ఆ బంగారం ఎటు పోయింది?"

"అది మీ కంపెనీకి అక్కర్లేదు. నేనూ చెప్పను."

లొబాటో నోట్లో బిళ్ళ నమిలి మింగేశాడు. ఈ క్షణం నుంచి ఆమె ఈ కేసులో అధికారి కాదని, సాక్షి అని, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చని, పోర్తోలో ఆమె గుర్తింపు కార్డు బల్లమీద పెట్టమంటారని చెప్పాడు. గొంతులో కోపం లేదు. ఆమె తెలుసని తలూపింది.

అతను జుల్మీరా చేతికందబోయిన కాగితం వెనక్కి తీసుకున్నాడు. పైనున్న పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. కుర్చీ లాక్కుని ఎర్మెలిందా ఎదురుగా కూర్చుని, కలం మూత తీశాడు.

"పూర్తి పేరు?"

కిటికీ దగ్గర జుల్మీరా శాలువాలో మొహం దాచుకుని ఏడుస్తోంది. ఎర్మెలిందా లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అక్కడినుంచే చెప్పింది.

"ఎర్మెలిందా తవెయ్‌రా. తల్లి ఫెలిస్బెలా, తీగపనివాళ్ళం. రాసుకోండి."